చీటీపై ఒక ధర, బిల్లులో మరో ధర

ఒక ఉదాహరణ తీసుకుందాం. సూపర్ మార్కెట్‌లో కిలో కందిపప్పు ప్యాకెట్ ముందు ర్యాక్‌పై రూ.149 అని చీటీ ఉంది. కౌంటర్ వద్ద అదే ప్యాకెట్‌కు బిల్లులో రూ.162 పడింది. ప్యాకెట్‌పై ముద్రించిన గరిష్ఠ చిల్లర ధర, అంటే ఎమ్మార్పీ, రూ.175. ఇదేమిటని అడిగితే, ‘ఎమ్మార్పీ కంటే తక్కువకే ఇచ్చాం కదా’ అన్న సమాధానం వస్తుంది. వెనుక వరుసలో నిలబడినవారు విసుగ్గా చూస్తారు. పదమూడు రూపాయల కోసం నలుగురిలో మాట పడటం ఎందుకులే అనుకొని ఆ ఇల్లాలు డబ్బు చెల్లించి సంచి తీసుకొని వెళ్ళిపోతుంది.

ఈ వ్యాసంలో మేము చర్చించదలచుకున్నది ఆ పదమూడు రూపాయల గురించే. అది ఎవరి సొమ్ము? దుకాణదారు దానిని తీసుకోవచ్చునా? కొనుగోలుదారు అడిగితే అది పిసినారితనమా, హక్కా? చట్టం ఏమంటున్నది? ధర్మం ఏమంటున్నది?

నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల ప్రాంతాలు 2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుండి విడివడి ప్రత్యేక జిల్లాలయ్యాయి. జిల్లా కేంద్రాలతో పాటు కల్వకుర్తి, అచ్చంపేట, కొల్లాపూర్ వంటి పట్టణాలలోనూ కొనుగోలు పద్ధతి మారుతూ వచ్చింది. కిరాణా కొట్టులో షావుకారు నోటి మాటే ధర. నచ్చకపోతే బేరమాడేవాళ్ళం, లేదా పక్క దుకాణానికి వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు సరుకు మనమే ఏరుకుంటాం, చీటీ చూసి లెక్క వేసుకుంటాం. చివరకు ధర పలికేది మాత్రం యంత్రం. దానితో బేరమాడలేం. ఇరవై, ముప్ఫై వస్తువులు వరుసగా ‘టిక్, టిక్’ మంటూ పోతుంటే ఏ వస్తువుకు ఎంత పడిందో గుర్తించడం చదువుకున్నవారికే కష్టం. కళ్ళజోడు ఇంట్లో మరచి వచ్చిన పెద్దవారి మాట, బిల్లు చదవలేని తల్లుల మాట చెప్పనక్కరలేదు.

రంజాన్ నెలలో ఈ సమస్య మరింత ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. ఖర్జూరాలు, సేమియా, నెయ్యి, జీడిపప్పు, సెనగపిండి, షర్బత్ సీసాలు ఒక్కసారే కొంటాం. దుకాణం నిండా ‘ఆఫర్’ చీటీలు వేలాడుతుంటాయి. ఇఫ్తార్ వేళకు ఇల్లు చేరాలన్న తొందర. ధరల తేడా సులభంగా దాటిపోయే సమయం అదే.

తేడా ఎక్కడ పుడుతుంది?

చాలామంది అనుకొనేదేమిటంటే, ప్యాకెట్‌పై ఉండే నల్లని గీతలలో, అంటే బార్‌కోడ్‌లో, ధర దాగి ఉంటుందని. అది పొరపాటు. 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ట్రాయ్ అనే పట్టణంలో ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్‌తో దుకాణాలలో బార్‌కోడ్ వాడకం మొదలైంది. ఆనాటి నుండి నేటి వరకు కంపెనీ ప్యాకెట్లపై అచ్చయ్యే ఆ గీతలలో ఉండేది వస్తువు గుర్తింపు సంఖ్య మాత్రమే. మన దేశంలో జారీ అయిన సంఖ్యలు 890తో మొదలవుతాయి. ఆ సంఖ్య చదవగానే దుకాణం కంప్యూటర్ తన పట్టికలో వెతికి, అక్కడ ఎవరో ఎక్కించిన ధరను బిల్లులోకి తెస్తుంది. ర్యాక్‌పై చీటీని వేరొకరు, వేరొక సమయంలో అంటిస్తారు. రెండింటికీ మధ్య దారం ఏదీ లేదు. మనిషి సరిచూస్తేనే అవి ఒకటిగా ఉంటాయి.

అందువల్ల తేడా అనేక దారుల్లో వస్తుంది. ఆఫర్ గడువు ముగిసినా చీటీ తొలగించరు. కొత్త ఆఫర్ చీటీ అంటిస్తారు కాని, కంప్యూటర్‌లో ధర మార్చరు. ఒకే వస్తువుకు పాత ఎమ్మార్పీ సరుకు, కొత్త ఎమ్మార్పీ సరుకు రెండూ దుకాణంలో ఉంటాయి. బార్‌కోడ్ ఒకటే కాబట్టి తెరపై రెండు ధరలు కనిపిస్తాయి, కౌంటర్‌లోని కుర్రవాడు తొందరలో పై ధరను నొక్కుతాడు. ఒక వస్తువును మరొక వస్తువు స్థానంలో పెడతారు. విడిగా తూచి ఇచ్చే పప్పు, బియ్యం వంటి వాటికి తూకం యంత్రం వద్ద తప్పు సంఖ్య నొక్కి, తక్కువ రకానికి ఎక్కువ రకం ధర వేస్తారు. ఒక్క ప్యాకెట్‌ను రెండుసార్లు చదివిస్తారు.

వీటిలో చాలా వరకు నిర్లక్ష్యం వల్ల జరిగేవే. అయితే ఒక సంగతి గమనించాలి. చేతి పొరపాటు ఒక్క కొనుగోలుదారుతో ఆగిపోతుంది, కంప్యూటర్‌లోని తప్పు ధర ఆ వస్తువు కొన్న ప్రతి ఒక్కరి నుండి వసూలవుతుంది. రోజుకు 300 బిల్లులు వేసే దుకాణంలో బిల్లుకు సగటున నాలుగు రూపాయల తేడా వచ్చిందనుకుంటే, రోజుకు రూ.1,200, నెలకు రూ.36,000. ఇచ్చినవారిలో ఎవరికీ అది పెద్ద నష్టంగా కనిపించదు. కనుక ఎవరూ అడగరు. అడగరని తెలిసిన తరువాత కూడా సరిదిద్దకపోతే ఆ నిర్లక్ష్యం మోసంగా మారుతుంది.

మూడు ధరలు, మూడు అర్థాలు

ఒక వస్తువుకు దుకాణంలో మూడు ధరలు ఉండవచ్చు. ప్యాకెట్‌పై ముద్రించినది ఎమ్మార్పీ. ర్యాక్‌పై చీటీలో ఉన్నది దుకాణదారు ప్రకటించిన ధర. బిల్లులో పడినది వసూలు చేసిన ధర. ఈ మూడింటి మధ్య సంబంధం తెలిస్తే వాదనలు సగం తగ్గుతాయి.

ఎమ్మార్పీ ఒక పైకప్పు వంటిది. అన్ని పన్నులూ అందులోనే కలిసి ఉంటాయి. తూనికలు, కొలతల చట్టం (2009) కింద వచ్చిన 2011 నాటి ప్యాకేజీ వస్తువుల నియమాల ప్రకారం ఏ చిల్లర వర్తకుడూ ముద్రిత ధరకు మించి అమ్మరాదు. ఆ ధరను చెరిపివేయడం, దిద్దడం కూడా నేరమే. ‘ఫ్రిజ్‌లో పెట్టినందుకు రెండు రూపాయలు ఎక్కువ’ అనడం చెల్లదు. బస్టాండు దుకాణమైనా, సినిమా హాలు దుకాణమైనా నియమం అదే. మల్టీప్లెక్స్‌లలో సైతం ప్యాకేజీ వస్తువులను ఎమ్మార్పీకే అమ్మాలని తెలంగాణ తూనికలు, కొలతల శాఖ 2018 ఆగస్టు 1 నుండి పట్టుబట్టడం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఒక మినహాయింపును కూడా ఇక్కడే చెప్పాలి. హోటల్‌లో కూర్చొని తాగే నీళ్ళ సీసాకు ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చునని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో తీర్పు చెప్పింది. అక్కడ సీసాతో పాటు కుర్చీ, బల్ల, వడ్డన వంటి సేవలు కూడా పొందుతున్నామన్నది ఆ తీర్పు ఆధారం. కిరాణా దుకాణానికి ఆ తీర్పు వర్తించదు.

ఇక మొదట చెప్పుకున్న కందిపప్పు ఉదాహరణకు వద్దాం. బిల్లు ధర ఎమ్మార్పీ కంటే తక్కువే. కాబట్టి ఎమ్మార్పీ నియమం అక్కడ ఉల్లంఘనకు గురికాలేదు. దుకాణదారు సమాధానంలో ఆ మేరకు నిజం ఉంది. కాని ఆ సమాధానం మన ప్రశ్నకు జవాబు కాదు. పైకప్పు ఎంత ఎత్తున ఉందని మనం అడగలేదు. రూ.149కి ఇస్తానని ఆయనే వ్రాసి పెట్టాడు. ఆ మాట చూసే మనం ఇతర ప్యాకెట్లు వదిలి దీనిని తీసుకున్నాం. ఆయన తన మాటకు కట్టుబడి ఉన్నాడా, లేదా అన్నదే మన ప్రశ్న.

చట్టం ఏమంటున్నది?

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చింది. వస్తువుపైన గాని, దాని ప్యాకెట్‌పైన గాని ప్రదర్శించిన ధర కంటే, చట్ట ప్రకారం ప్రదర్శించిన ధరల పట్టికలోని ధర కంటే, ఇరుపక్షాలూ అంగీకరించిన ధర కంటే ఎక్కువ వసూలు చేస్తే ఫిర్యాదు చేయవచ్చునని ఆ చట్టం రెండవ సెక్షన్‌లోనే పేర్కొన్నది. ధర విషయంలో ప్రజలను తప్పుదారి పట్టించడాన్ని ‘అనుచిత వ్యాపార విధానం’గా పరిగణించింది. సరుకు అమ్మి బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా అదే కోవలో చేర్చింది.

జాతీయ వినియోగదారుల కమిషన్ ఇచ్చిన రెండు తీర్పులు ఈ విషయంలో మనకు దారి చూపుతాయి. మొదటిది 2017 జనవరి నాటిది. వుడ్‌ల్యాండ్ పాదరక్షలు, దుస్తులు అమ్మే సంస్థ ‘నలభై శాతం తగ్గింపు’ అని ప్రకటించి, కౌంటర్ వద్ద తగ్గించిన ధరపై అదనంగా వ్యాట్ వసూలు చేసింది. ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉన్నప్పుడు, తగ్గింపు ధరపై మళ్ళీ పన్ను వేయడం కొనుగోలుదారులను మభ్యపెట్టడమేనని కమిషన్ తేల్చింది. పండుగ సీజన్‌లో బట్టల దుకాణాలలో ‘జీఎస్టీ అదనం’ అనే మాట వినిపించినప్పుడు ఈ తీర్పును గుర్తు చేసుకోవాలి.

రెండవది 2020 డిసెంబరు 22 నాటిది. బిగ్ బజార్ దుకాణాలలో సరుకులన్నీ కొన్న తరువాత కౌంటర్ వద్ద చేతిసంచికి విడిగా డబ్బు తీసుకోవడంపై వచ్చిన వివాదమది. సంచికి ధర ఉన్నదని, అది ఎంతని, సరుకులు ఎంచుకోకముందే తెలుసుకొనే హక్కు కొనుగోలుదారుకు ఉన్నదని కమిషన్ స్పష్టం చేసింది. చేతినిండా సరుకులతో కౌంటర్ వద్దకు చేరిన మనిషి వెనుదిరగలేడు. అప్పుడు కొత్త ధర చెప్పడం అతని నిస్సహాయతను వాడుకోవడమే అవుతుంది. ర్యాక్ ధరకు, బిల్లు ధరకు తేడా వచ్చినప్పుడు జరిగేది కూడా సరిగ్గా ఇదే.

అయితే హక్కును దాని హద్దుతో పాటు తెలుసుకోవాలి. డబ్బు చెల్లించకముందే తేడా బయటపడి, ‘చీటీ పొరపాటు, ఆ ధరకు ఇవ్వలేం’ అని దుకాణదారు చెబితే, ఆ వస్తువును ఆ ధరకే అమ్మి తీరాలని ప్రతి సందర్భంలోనూ బలవంతం చేయలేం. కొనడం మానుకొనే స్వేచ్ఛ మనకు ఉంటుంది. కాని ఏమీ చెప్పకుండా ఎక్కువ ధర వసూలు చేస్తే తేడా సొమ్మును తిరిగి అడగవచ్చు. వరుసగా అదే జరుగుతుంటే ఫిర్యాదు చేయవచ్చు.

కొన్ని దేశాలు ఈ విషయంలో మరో అడుగు ముందుకు వేశాయి. కెనడాలో 2002 నుండి అమలులో ఉన్న స్వచ్ఛంద నియమావళి ప్రకారం, అందులో చేరిన దుకాణంలో పది డాలర్లలోపు వస్తువుకు ర్యాక్ ధర కంటే యంత్రం ఎక్కువ చూపితే ఆ వస్తువును ఉచితంగా ఇవ్వాలి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో తేడా సొమ్ముతో పాటు దానికి పది రెట్లు, గరిష్ఠంగా ఐదు డాలర్ల వరకు, కొనుగోలుదారుకు చెల్లించాలని చట్టం ఉంది. తప్పు చేస్తే నష్టం తనకేనని తెలిసిన వ్యాపారి చీటీలను రోజూ సరిచూసుకుంటాడు. మన చట్టంలో ఇటువంటి తక్షణ పరిహారం లేదు. కనుక అడిగే బాధ్యత మనమీదే ఎక్కువగా ఉంటుంది.

మన దేశంలోనే ఇటీవలి ఉదాహరణ ఒకటుంది. 2025 సెప్టెంబరు 22 నుండి అనేక నిత్యావసరాలపై జీఎస్టీ తగ్గింది. సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టు, తలనూనె, బిస్కెట్లు 18 శాతం నుండి 5 శాతం పరిధిలోకి వచ్చాయి. అప్పటికే ముద్రించిన పాత ఎమ్మార్పీ ప్యాకెట్లు దుకాణాలలో ఉండిపోయాయి. ప్యాకెట్‌పై పాత ధర, పన్ను ప్రకారం కొత్త ధర, కంప్యూటర్‌లో ఏదో ఒక ధర ఉండే పరిస్థితి వచ్చింది. పన్ను తగ్గింపు ప్రయోజనం ఇంటి వరకు చేరిందా లేదా అన్నది బిల్లు చదివినవారికే తెలుస్తుంది.

ధాన్యపు రాశి నేర్పిన పాఠం

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) మదీనా అంగడిలో ఒక ధాన్యపు రాశి వద్ద ఆగి, అందులోకి చేయి పెట్టి చూసిన సంఘటన సహీహ్ ముస్లింలో హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనంగా నమోదైంది. పైన పొడిగా ఉన్న రాశి లోపల తడి తగిలింది. కారణమడిగితే వర్షానికి తడిసిందని వర్తకుడు చెప్పాడు. తడిసిన ధాన్యాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త ప్రశ్నించారు. మోసగించేవాడు తన మార్గానికి చెందినవాడు కాడని హెచ్చరించారు.

ఆ వర్తకుడు ధాన్యాన్ని తడపలేదు. తడిపింది వర్షం. అయినా కంటికి కనిపించేది ఒకటి, చేతికి అందేది మరొకటి కావడాన్ని ప్రవక్త సహించలేదు. ‘కంప్యూటర్‌లో అలా ఉంది, మేమేం చేయం’ అనే నేటి సమాధానానికి ఆ సంఘటనలోనే జవాబు ఉంది. తప్పు ఎలా వచ్చినా, దానిని కొనుగోలుదారు కంటికి కనిపించేలా ఉంచే బాధ్యత అమ్మేవాడిదే.

ధర స్పష్టంగా తెలిసి ఉండటం సక్రమమైన క్రయవిక్రయానికి షరతు అని ఫిఖహ్ పండితులు చెప్పారు. ధర తెలియని బేరం వివాదానికి దారి తీస్తుందన్నది వారి వివరణ. కొలతలలో మోసం చేసే మద్‌యన్ జాతిని హజ్రత్ షుఐబ్ (అలైహిస్సలామ్) హెచ్చరించిన వృత్తాంతం దివ్య ఖుర్ఆన్‌లో పలుచోట్ల వస్తుంది. తీసుకొనేటప్పుడు నిండుగా తీసుకొని, ఇచ్చేటప్పుడు తగ్గించేవారి గురించి ‘ముతఫ్ఫిఫీన్’ అనే పేరుతో ఒక సూరాయే అవతరించింది. ఒక్కొక్కసారి తగ్గేది గుప్పెడు గింజలే కావచ్చు. అంత చిన్న సొమ్ము విషయంలో అంత గట్టి హెచ్చరిక ఎందుకో ఆలోచించవలసి ఉంది. చిన్న మొత్తాలను ఎవరూ అడగరు, అడగని సొమ్మును తినడం అలవాటవుతుంది.

ఖాతా పుస్తకం, ఎరువుల బస్తా

మన ప్రాంతంలో ర్యాక్, చీటీ, కంప్యూటర్ లేని కొనుగోళ్ళు ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. పల్లెల్లో చాలా కుటుంబాలు నెలంతా ఖాతాపై సరుకులు తెచ్చుకుంటాయి. పిల్లవాడిని పంపి పావుకిలో నూనె తెప్పిస్తారు. నెలాఖరున లెక్క చూసేసరికి ఏ రోజు ఏ ధర వేశారో ఎవరికీ గుర్తుండదు. ఇక్కడ చీటీ స్థానంలో ఉన్నది ఆ రోజు చెప్పిన మాట, బిల్లు స్థానంలో ఉన్నది షావుకారు పుస్తకం. అప్పు లావాదేవీని వ్రాసుకొమ్మని ఆదేశించే సూరా బఖరాలోని 282వ ఆయతు ఖుర్ఆన్ అంతటిలోనూ అతి పొడవైన ఆయతు అని మనకు తెలుసు. ఇంట్లో ఒక చిన్న నోటు పుస్తకం ఉంచి, సరుకు తెచ్చిన రోజే తేదీ, పరిమాణం, ధర వ్రాసి, వారానికొకసారి దుకాణం పుస్తకంతో సరిచూసుకుంటే రెండువైపులా అనుమానం ఉండదు. షావుకారుకు కూడా అది మేలే.

రైతు కుటుంబాలకు ధరల తేడా మరింత భారమవుతుంది. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు (1985) ప్రకారం డీలరు తన దుకాణం ముందు నిల్వలను, ధరలను తెలిపే బోర్డు పెట్టాలి, కొన్నవారికి రశీదు ఇవ్వాలి. 45 కిలోల యూరియా బస్తాపై ధర రూ.266.50 అని ముద్రించి ఉంటుంది. బోర్డుపై ఒకటి, బస్తాపై ఒకటి, చేతికి ఇచ్చిన లెక్క మరొకటి అయితే ప్రశ్నించే హక్కు రైతుకు పూర్తిగా ఉంది. పత్తి విత్తనాల ధరను కేంద్ర ప్రభుత్వం ఏటా నిర్ణయిస్తుంది. 2025లో బీజీ-2 రకం ప్యాకెట్ గరిష్ఠ ధర రూ.901. పత్తి విత్తనోత్పత్తికి పేరుపడిన గద్వాల ప్రాంతంలో ఈ సంఖ్య ప్రతి రైతు ఇంటిలో తెలిసి ఉండాలి. సీజన్ ముంచుకొచ్చి సరుకు దొరకదేమోనన్న భయంలో రశీదు అడగడం మానివేస్తాం. తీరా మొలక రాకపోతే పరిహారం కోరడానికి కూడా ఆ రశీదే ఆధారం.

అడిగే పద్ధతి

హక్కు తెలిస్తే చాలదు, దానిని ఎలా వినియోగించుకోవాలో కూడా తెలియాలి. ఆచరణలో సులభమైన క్రమాన్ని ఇక్కడ సూచిస్తున్నాం.

సరుకు తీసుకొనేటప్పుడే చీటీపై ఉన్న పేరు, బరువు ప్యాకెట్‌పై ఉన్నవాటితో సరిపోయాయో లేదో చూడాలి. అర కిలో చీటీ కింద కిలో ప్యాకెట్ ఉంటే అది దుకాణం మోసం కాకపోవచ్చు. ఆఫర్ సరుకులకు, ఖరీదైన సరుకులకు చీటీ, ప్యాకెట్ రెండూ కనిపించేలా సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకుంటే మంచిది. వెంట వచ్చిన పిల్లలకు ఈ పని అప్పగిస్తే వారికి లెక్క, జాగ్రత్త రెండూ అలవడతాయి.

కౌంటర్ వద్ద తెర మనకు కనిపించేలా తిప్పమని అడగవచ్చు. డబ్బు చెల్లించకముందే బిల్లు మొత్తం ఒకసారి చూసుకోవాలి. విడిగా తూచిన సరుకులో సంచి, డబ్బా బరువు కలపకూడదు, మనం చెల్లించవలసింది సరుకు బరువుకే. బిల్లుపై దుకాణం పేరు, చిరునామా, వరుస సంఖ్య, తేదీ, వస్తువుల వివరాలు ఉండాలి. యంత్రం ఇచ్చే బిల్లు అక్షరాలు కొన్ని వారాలకే వెలిసిపోతాయి కనుక దానిని కూడా ఫొటో తీసి ఉంచుకోవాలి.

తేడా కనిపిస్తే మొదట సౌమ్యంగా అడగాలి. కౌంటర్‌లో కూర్చున్న అబ్బాయి గాని, అమ్మాయి గాని నెలజీతానికి పని చేసే మన ఇరుగుపొరుగు పిల్లలే. ధర ఎక్కించింది వారు కాకపోవచ్చు. వారిపై అరవడం వల్ల మన హక్కు బలపడదు. చీటీ చూపించి, మేనేజరును పిలిపించి, తేడా సొమ్మును తిరిగి ఇమ్మని కోరాలి. దానితో పాటు ఆ చీటీని అప్పుడే మార్చమని కూడా అడగాలి. మన తరువాత వచ్చేవారికి మనం చేయగల మేలు అదే.

దుకాణం వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఎమ్మార్పీకి మించి తీసుకున్నా, తూకంలో తేడా ఉన్నా జిల్లాలోని తూనికలు, కొలతల శాఖ అధికారికి ఫిర్యాదు చేయాలి. అప్పటికీ న్యాయం జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఉమ్మడి జిల్లాకు ఆ కమిషన్ మహబూబ్‌నగర్‌లో ఉన్నప్పటికీ, ప్రతిసారీ బస్సెక్కి వెళ్ళవలసిన అవసరం లేదు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు దాఖలు చేయవచ్చు, వీడియో ద్వారా విచారణ కోరవచ్చు. కొన్నది హైదరాబాద్‌లోనైనా, మనం నివసించే ప్రాంతపు కమిషన్‌లోనే ఫిర్యాదు చేసే వీలును 2019 చట్టం కల్పించింది. ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోళ్ళకు ఫీజు లేదు. న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. సంఘటన జరిగిన రెండేళ్ళ లోపు ఫిర్యాదు చేయాలి. సొమ్ము తిరిగి ఇప్పించడమే కాక, పరిహారం చెల్లించాలని, ఆ పద్ధతిని మానుకోవాలని ఆదేశించే అధికారం కమిషన్‌కు ఉంది.

పదమూడు రూపాయల కోసం ఇంత దూరం వెళ్ళాలా అని కొందరు అడగవచ్చు. ప్రతిసారీ వెళ్ళనవసరం లేదు. చాలా వరకు కౌంటర్ వద్ద అడిగిన మాటతోనే పరిష్కారమవుతుంది. ఒకే దుకాణంలో ఒకే తేడా పదేపదే జరుగుతుంటే మాత్రం మౌనంగా ఉండటం తగదు. మనకు ఆ సొమ్ము లెక్కలేనిదైనా, అదే వరుసలో నిలబడిన రోజుకూలీ తల్లికి అది పిల్లల పాల ప్యాకెట్ కావచ్చు.

బిల్లు తక్కువ వచ్చినప్పుడు

ఇక్కడ ఒక సంగతిని కుటుంబసభ్యులందరూ కలిసి ఆలోచించాలి. బిల్లు ఎక్కువ వచ్చిందని నిలదీసే మనం, తక్కువ వచ్చినప్పుడు ఏమి చేస్తున్నాం? రెండు నూనె ప్యాకెట్లు తీసుకుంటే ఒక్కటే బిల్లులో పడింది. చిల్లర ఇచ్చేటప్పుడు వంద నోటు బదులు రెండు వందల నోటు వచ్చింది. ‘ఈ రోజు అదృష్టం బాగుంది’ అని నవ్వుకుంటూ ఇంటికి వస్తే, ఆ సరుకు మన అన్నంలో కలిసే ముందు ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది.

అది మన సొమ్ము కాదు, పొరపాటున మన చేతికి వచ్చిన అమానత్. కొన్ని దుకాణాలలో రాత్రి లెక్క తగ్గితే ఆ మొత్తాన్ని కౌంటర్ ఉద్యోగి జీతంలో కోస్తారు. మనకు కలిసి వచ్చిందనుకున్నది ఎవరి ఇంటి ఖర్చు నుండి వచ్చిందో తెలియదు. పిల్లలను వెంట తీసుకొని వెనక్కి వెళ్ళి ఇచ్చివస్తే, నిజాయితీ గురించి ఇంట్లో చెప్పే పది పాఠాల కంటే అది ఎక్కువ పని చేస్తుంది. ఎక్కువ వచ్చినప్పుడు అడిగే మన గొంతుకు బలం కూడా అక్కడి నుండే వస్తుంది.

దుకాణదారులకు ఒక మాట

మా పాఠకులలో చిన్న, పెద్ద వ్యాపారం చేసుకొనే కుటుంబాలు చాలా ఉన్నాయి. వారి ఇబ్బందులు మాకు తెలియనివి కావు. కంపెనీలు నెలనెలా ధరలు మారుస్తాయి, పనివారు నిలకడగా ఉండరు, వేల వస్తువులకు చీటీలు మార్చడం శ్రమే. అయినా రెండు సులభమైన అలవాట్లు చాలా తేడాలను నివారిస్తాయి.

మొదటిది, మార్చే వరుస. ధర పెంచవలసి వచ్చినప్పుడు ముందు చీటీ మార్చి, తరువాత కంప్యూటర్‌లో మార్చాలి. ధర తగ్గించేటప్పుడు ముందు కంప్యూటర్‌లో తగ్గించి, తరువాత చీటీ మార్చాలి. ఈ వరుస పాటిస్తే మధ్యలో ఏ ఆలస్యం జరిగినా కొనుగోలుదారుపై అదనపు భారం పడదు, వ్యాపారి మాట దక్కుతుంది. రెండవది, ప్రతి ఉదయం దుకాణం తెరిచిన వెంటనే ఏవైనా ఇరవై వస్తువుల చీటీలను యంత్రంతో సరిచూడటం. ఆఫర్ ముగిసిన రాత్రే దాని చీటీలు తొలగించడం.

వీటికి తోడు కౌంటర్ వద్ద ఒక చిన్న బోర్డు పెట్టవచ్చు: చీటీ ధరకు, బిల్లు ధరకు తేడా వస్తే ఏది తక్కువైతే అదే తీసుకుంటామని. కెనడా వ్యాపారులు స్వచ్ఛందంగా అంతకంటే పెద్ద మాటే ఇచ్చారు. కందనూలులోనో, వనపర్తిలోనో ఒక ముస్లిం వ్యాపారి అటువంటి బోర్డు పెడితే, ఆ దుకాణంలోకి అడుగుపెట్టే ప్రతి ఒక్కరికీ, వారు ఏ మతస్థులైనా, ఇస్లాం వ్యాపారనీతి ఏమిటో వేరుగా ఉపన్యసించి చెప్పవలసిన అవసరం ఉండదు. నిజం చెప్పి, లోపాన్ని దాచకుండా చేసిన వ్యాపారంలోనే బర్కత్ ఉంటుందని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు.

ఈ నెల సరుకులు తెచ్చుకున్న రోజున ప్రతి కుటుంబం ఒక పని చేయాలని మేము కోరుతున్నాం. భోజనాలయ్యాక బిల్లును మధ్యలో పెట్టి, పిల్లలలో ఒకరు చదువుతుంటే మరొకరు ప్యాకెట్లు చూస్తూ సరిపోల్చాలి. పది నిమిషాల పని. ఎక్కువ పడినది ఉంటే మరునాడు వెళ్ళి అడగండి, తక్కువ పడినది ఉంటే అదే రోజు వెళ్ళి చెల్లించండి. సంకోచించకుండా రెండూ చేయగల ధైర్యాన్ని, నిజాయితీని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.